మూడో రోజు

పురిటింటి నుంచి వచ్చిన మనిషి వెలిగించిన దీపం దేవుడికి చేరుతుందా, చేరదా అన్న అనుమానం నాకు పన్నెండేళ్లుగా ఉంది. ఒక్కసారి మాత్రం గుళ్లో తీర్థం వరుసలో నిలబడి అయ్యగారిని అడిగాను. తలస్నానం చేస్తే ఏ దోషమూ లేదమ్మా అన్నారు. నేను తీర్థం తీసుకుని కదలబోతుంటే, అయినా మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎలా చెబితే అలా నడుచుకో అన్నారు. మా ఇంట్లో పెద్దవాళ్లంటే మా అత్తమ్మ. ఆమె మాట ఎప్పుడూ ఒకటే. పురిటింటి గడప తొక్కిన రోజు దేవుడి అర్రలోకి రాకూడదు, స్నానం చేసినా సరే.

నేను ఆశా వర్కర్ని. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి లోపలికి, మెట్రో రైలు చప్పుడు వినబడనంత లోపలికి పోతే మా బస్తీ వస్తుంది. నాకు అప్పజెప్పిన ఇళ్లలో ఎప్పుడూ ఎవరో ఒక బాలింత ఉంటుంది. బిడ్డ పుట్టిన మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇలా నలభై రెండో రోజు వరకు ఆరుసార్లు ఆ ఇంటికి పోవాలని మాకిచ్చిన పుస్తకంలో ఉంది. బిడ్డను తూచాలి, ఒళ్లు చల్లబడిందేమో చూడాలి, బొడ్డు చూడాలి, పాలు పట్టే తీరు చూడాలి. అత్తమ్మ లెక్కలో పురుడు ఇరవై ఒక్క రోజులు. పుస్తకం పొమ్మన్న మొదటి నాలుగు రోజులూ అత్తమ్మ వద్దన్న రోజుల్లోనే పడతాయి. అందుకని నెలలో నాలుగైదు రోజులు తప్ప మా ఇంట్లో దీపం నా చేతి మీదుగా వెలగదు. చిన్నప్పటి నుంచి పొద్దున దీపం పెట్టనిదే నీళ్లు కూడా తాగని దాన్ని. ఇప్పుడు గడప ఇవతల నిలబడి, అత్తమ్మ పెట్టిన దీపానికి దండం పెట్టుకుని సంచీ భుజాన వేసుకుంటాను.

పురిటింటి నుంచి వచ్చిన రోజు నేను ముందు గుమ్మంలోంచి రాకూడదు. పక్క సందులోంచి వెనక్కి పోయి, బట్టలు బకెట్లో వేసి, తల మీద నీళ్లు పోసుకుని లోపలికి రావాలి. ఒకే రోజు ఇద్దరు బాలింతలుంటే, మధ్యలో భోజనానికి ఇంటికి వస్తే, రెండుసార్లు. ఎండాకాలం బాగానే ఉంటుంది. చలికాలం మాత్రం తల ఆరక ముందే ముడి వేసుకుని మళ్లీ రోడ్డెక్కాలి. నా జుట్టు ఈ పన్నెండేళ్లలో ఒక్కసారన్నా కుదుళ్ల దాకా ఆరిందా అంటే చెప్పలేను. మెడ నరాలు లాగుతాయి. మా ఆయన యోగేందర్ స్కూలు వ్యాను నడుపుతారు. హయత్‌నగర్ దాకా రెండు ట్రిప్పులు వేసి నాలుగింటికి ఇల్లు చేరతారు. నా తల మీంచి నీళ్లు కారుతుండగానే చాయ్ అడుగుతారు. జీతం లేని కొలువుకు ఇన్ని తానాలేందే అని నవ్వుతారు. జీతం అనే మాట మీటింగులో మేమూ అనకూడదు. పారితోషికం అనాలి. జీతమైతే పనికి ఇస్తారు, పారితోషికం సంతోషపడి ఇస్తారు. మా పని చూసి ఎవరు సంతోషపడుతున్నారో నాకు ఇంతవరకు తెలియలేదు.

ఇంకొకటి కూడా నాకు అర్థం కాదు. తలస్నానం చేశాక నేను వంటింట్లోకి పోవచ్చు. నేను వండిన పులిహోర, నేను కాచిన పాయసం దేవుడి ముందుకు పోతాయి. గిన్నె అత్తమ్మ చేతికి అందించి నేను గడప ఇవతల ఆగాలి. నా చేతి వంటకు అంటని మైల నా పాదాలకు ఎట్లా అంటుంది? ఈ మాట ఒకసారి మెల్లగా అన్నాను. అత్తమ్మ కోపం చేసుకోలేదు. కాసేపు ఆలోచించి, పొయ్యి మీద అగ్గి ఉంటది గద బిడ్డా, అన్నిట్ని కాలుస్తది అంది. మా దేవుడి దీపంలో ఉన్నది కూడా అగ్గే కదా అనుకున్నాను.

అత్తమ్మ చెడ్డది కాదు. ఆమెకున్నది భయం. మా ఇంట్లో ఏటా కార్తీక పౌర్ణమికి సత్యనారాయణ వ్రతం చేస్తాం. ఒక్క ఏడాది, ఊళ్లో దగ్గరి బంధువు పోయి మైల రావడంతో వ్రతం ఆగింది. ఆ ఎండాకాలమే మామయ్య బిక్షమయ్య గుండె ఆగి పోయారు. ఆ రెండు సంగతులూ అత్తమ్మ మనసులో ముడిపడిపోయాయి. కొడుకు పొద్దున లేస్తే హైవే మీద పిల్లల బండి నడపాలి. అందుకే ఈ ఏడాది దసరా దాటగానే నాతో చెప్పింది. "గీసారి చుట్టాలను పిలిచిన. మంచిగ జేసుకోవాలె. పీటల మీద కూసునేదానివి, పున్నమికి మూడు దినాల ముంగటనే పురిటిండ్లు బందువెట్టు. వ్రతమయినంక గూడ కలశం కదిలిచ్చేదాక పోవద్దు." నేను సరేనన్నాను. పుస్తకం తీసి లెక్క చూసుకున్నాను. ఆ నాలుగు రోజుల్లో మూడో రోజు పిల్లలెవరూ లేరు. ఒకరి పద్నాలుగో రోజును ముందే ముగించాను. అంతా సర్దుకుంది అనుకుంటుండగా, పౌర్ణమికి రెండు రోజుల ముందు, ఇంకా పది రోజులు గడువు ఉండగానే గీతకు కాన్పయింది. ఆడపిల్ల. రెండు కిలోల వంద గ్రాములు. వేళ్ల మీద లెక్కపెట్టాను. మూడో రోజు సరిగ్గా పౌర్ణమి.

గీత కాకుండా ఇంకెవరైనా అయితే ఏం చేసేదాన్నో చెప్పలేను. గీత వాళ్లు నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి మా వెనుక వీధిలో ఒక్క గది కిరాయికి ఉంటారు. భర్త జగన్ క్యాబు నడుపుతాడు. ఎనిమిదేళ్ల కింద గీతకు మొదటి బిడ్డ సంతోషి పుట్టింది. దాని మూడో రోజు శ్రావణ శుక్రవారం వచ్చింది. అప్పటికే నేను తలస్నానం చేసి, కలశం పెట్టి, వాయనాలకు పసుపు కుంకుమ సర్దుకున్నాను. అత్తమ్మ లోపల పిండివంటలు చూస్తుంటే నేను సంచీ తగిలించుకుని గీత వాళ్ల గేటు దాకా పోయాను. గేటు తీయలేదు. బయట నుంచే పిలిచాను. గీత తల్లి అరుణమ్మ గుమ్మంలోకి వచ్చి, బిడ్డ మంచిగనే ఉంది, లోపలికి రా అంది. మళ్లీ వస్తా అన్నాను. అక్కడే గోడకు పుస్తకం ఆనించి, పుట్టిన పిల్లలు మొదట్లో కాస్త తగ్గుతారు కదా అని, దవాఖాన చీటీలో ఉన్న బరువుకు ఒక యాభై గ్రాములు తగ్గించి రాశాను. ఒళ్లు చల్లబడలేదు, రంగు మామూలు, పాలు తాగుతోంది. అన్నీ రాశాను. బిడ్డ ముఖం కూడా చూడలేదు. ఇంటికొచ్చి పూజ చేసుకున్నాను. ఏడో రోజు పోయేసరికి సంతోషి కళ్లు, అరికాళ్లు కూడా పసుపు పచ్చగా ఉన్నాయి. పాలకు లేవడం లేదు. ఆటో మాట్లాడుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. కామెర్లని ఐదు రోజులు నీలం లైటు కింద పెట్టారు. బతికింది. అక్కడి డాక్టరమ్మ, ఇంకో నాలుగు రోజుల ముందు ఎవరూ చూడలేదా అని అడిగింది. నా చేతిలోని పుస్తకంలో చూసినట్టే రాసి ఉంది. నేను దాన్ని సంచీలోకి తోసేశాను. ఆ రోజు నుంచి గీత నన్ను ఎక్కడ కనబడినా, అండాలక్క లేకపోతే నా బిడ్డ లేకపోయేది అని పదిమందిలో చెబుతుంది. ఆమె అలా అన్న ప్రతిసారీ నేను పైట సర్దుకుంటాను. సంతోషి ఇప్పుడు మూడో తరగతి. దానికి నేనొక మూడో రోజు బాకీ.

పౌర్ణమి ముందు రోజు సాయంత్రం నేను ప్రసాదం రవ్వ జల్లిస్తుంటే గీత ఫోన్ చేసింది. బాగుంది కదా అని ఆ పొద్దుననే ఇంటికి పంపించారట. గొంతు నీరసంగా ఉంది. "అక్కా, గీ పిల్ల నిద్రవోతనే ఉంటది. పాలకు లేస్తలేదు. రేపు నువ్వొస్తవు గద" అంది. అరికాళ్లు గోకి లేపి రెండు గంటలకొకసారి పాలు పట్టమన్నాను, ఒంటికి ఆనించుకుని పడుకోమన్నాను, అప్పటికీ లేవకపోతే వెంటనే దవాఖానకు పొమ్మన్నాను. వస్తానని మాత్రం అనలేకపోయాను. ఫోన్ పెట్టేసి మా పైన ఉండే నర్సు, ఏఎన్ఎం సంధ్యారాణి మేడంకు చేశాను. ఆవిడది గుంటూరు వైపు. మంచి మనిషే. రేపు నాకు సెలవండి అండాలు గారూ, పిల్లలతో గుడికి వెళ్తున్నాం, అన్నారు. నేనేమీ అడగక ముందే దారి కూడా చూపించారు. "తేదీ దాటితే మన పేరు ఎర్రగా చూపిస్తుందండి. రేపు వెళ్లినట్టు యాప్‌లో పెట్టేయండి. ఎల్లుండి వెళ్లి చూడండి. అందరూ అలాగే చేస్తున్నారు కదా."

పెట్టేయండి. ఎంత చిన్న మాట. నేను ఎనిమిదేళ్ల కింద ఎవరూ చెప్పకుండానే చేసిన పనికి ఈ మాట సరిపోతుంది. రవ్వలో జల్లెడ ఆడిస్తూ ఆలోచించాను. ఎవరికీ చెప్పకుండా తెల్లవారుజామున పోయి చూసి, స్నానం చేసి వచ్చి పీట మీద కూర్చోవచ్చు. కానీ చెప్పకుండా చేసిన వ్రతంలో దేవుడికి ఏ ముఖంతో అక్షింతలు వేయను? వ్రతమే నిజమైతే నా అబద్ధం ఆయనకు తెలుస్తుంది. నిజం కాకపోతే ఇన్నేళ్లుగా తల మీద పోసుకున్న నీళ్లన్నీ దేనికి? వ్రత కథలో ప్రసాదం తినకుండా లేచి పరుగెత్తిన ఆడపిల్లకు కష్టం వచ్చిందని అయ్యగారు ఏటా చదువుతారు. వింటున్నప్పుడల్లా నాకు ఆ పిల్ల మీద జాలి కలుగుతుంది. ఆమె పరుగెత్తింది ఆటకు కాదు కదా, తన మనిషి వచ్చాడని విని.

మా ఆయన వచ్చాక గీత బిడ్డ సంగతి చెప్పాను. ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు. ఎల్లుండి పోతే గా పిల్ల యాడికన్న పారిపోతదా అన్నారు. నేను ఇంకోసారి చెప్పాను. అప్పుడు ఫోన్ పక్కన పెట్టి, నువ్వు డాక్టరువా అన్నారు. ఈ మాట నాకు కొత్త కాదు. కరోనా అప్పుడు ఇంటింటికీ తిరుగుతుంటే ఇదే అన్నారు. కలెక్టరువా అని కూడా అన్నారు. నేను ఏదీ కానని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఏదీ కాని మనిషి పోకపోతే ఆ ఇంటికి ఇంకెవరూ పోరన్న సంగతి మాత్రం నాకొక్కదానికే తెలుసు.

పొద్దున నాలుగింటికే లేచాను. పులిహోర కలిపాను, పాయసం దించాను, పన్నెండు మందికి పప్పు, కూరలు చేసి గిన్నెల మీద మూతలు పెట్టాను. కూతురు సుజన గడపలకు పసుపు రాసింది. తొమ్మిదింటికి అయ్యగారు వస్తారు. ఎనిమిదింటికి నేను పట్టుచీర కట్టుకోవాలి. నేను గీతకు ఫోన్ చేసి రాత్రి సంగతి అడిగి, యూనిఫాం చీర కట్టుకుని బయటికి వచ్చాను. అత్తమ్మ మామిడాకులు కడుతున్నది ఆగి చూసింది.

"అత్తమ్మా, గీత ఇంటికి పోతున్న. రాత్రి గూడ బిడ్డ రెండుసార్లే పాలు తాగిందట. నేను పీటల మీద కూసోను. చెప్పకుంట పోయొచ్చి కూసునుడు నాతోని గాదు."

"మరి నా కొడుకు ఒక్కడే కూసుంటడా? వ్రతం ఆగితే ఏమైతదో నీకు ఎరుక లేదా?"

"వ్రతం ఆగొద్దు. చేయుండ్రి. అన్నీ వండిపెట్టిన."

మా ఆయన లోపలి నుంచి వచ్చి, చుట్టాలొస్తే నేనేం చెప్పాలె అన్నారు. మూడో రోజు చూడడానికి పోయిందని చెప్పండ్రి అన్నాను. ఆయన ముఖం తిప్పుకున్నారు. అత్తమ్మ చేతిలోని పురికొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. తర్వాత సుజనను పిలిచింది. "మీ అమ్మ పట్టుచీర తీస్కరా. మడతవెట్టి పీట మీద పెడ్దాం. పక్కన చీరనన్న ఉంటది. దేవుడేమంటడో దేవునికే ఎరుక."

అది ఆమె నాకు చేసిన సాయం అని తెలుసు. ఆ సాయానికి నేను చేతులు జోడించాలి. కానీ సందులోంచి నడుస్తుంటే ఒక్కటే ఆలోచన తిరిగింది. ఇరవై ఏళ్లుగా ఆయన పక్కన పీట మీద నేను కూర్చున్నాను. చేయి తాకించమంటే తాకించాను, లేవమంటే లేచాను. నాకు బదులు మడతపెట్టిన చీర కూర్చున్నా సరిపోయే చోటు అది. గీత వాళ్ల గదిలో ఆ పసిబిడ్డ ముందు మాత్రం నా చీర చాలదు.

వీధిలో ఆడవాళ్లు ఉసిరి కొమ్మలు, వత్తుల పొట్లాలు పట్టుకుని గుడికి పోతున్నారు. చైతన్యపురి హాస్టళ్ల పిల్లలు ఇద్దరు జడల్లో పూలు పెట్టుకుని ఆటో ఆపుతున్నారు. తెలిసిన ఆవిడ ఒకామె, గియ్యాల గూడ డ్యూటీయేనా ఆశమ్మా అంది. అవునన్నాను. ఈసారి గేటు తీసుకుని లోపలికి పోయాను. చెప్పులు విడిచి, సబ్బుతో చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. గదిలో గీత గోడకు ఆనుకుని కూర్చుంది. అరుణమ్మ నన్ను చూసి, పండుగ పూట ఎందుకొచ్చినవ్ బిడ్డా అంటూనే స్టూలు జరిపింది. బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాను. పిడికెడు ప్రాణం. అరికాళ్లు చల్లగా ఉన్నాయి. కిటికీ వెలుతురులోకి తెచ్చి నుదురు మీద వేలితో నొక్కి వదిలి చూశాను. పసుపు లేదు. ఊపిరి లెక్కపెట్టాను. బాగుంది. టోపీ, సాక్సులు తొడిగించి, గీత రవిక లోపల గుండెలకు ఆనించి పైన దుప్పటి కప్పాను. అరగంట అలాగే ఉంచాము. నా సంచీలో ఫోన్ మోగింది. అయ్యగారు వచ్చి ఉంటారు. మోగి మోగి ఆగిపోయింది. అరికాళ్లు మళ్లీ తాకి చూస్తే వెచ్చబడ్డాయి. చెవి వెనుక నిమిరితే బిడ్డ కదిలింది, నోరు తెరిచింది. రొమ్ము పట్టే తీరు సరిచేసి చూపించాను. పట్టింది. చప్పరిస్తున్న చప్పుడు గదంతా వినబడింది. గీత కళ్లు మూసుకుంది. అరుణమ్మ బయటికి పోయి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చూసినవా," అంది గీత, మూలన రంగుల పెన్సిళ్లతో కూర్చున్న సంతోషితో. "నువ్వు పుట్టినప్పుడు గూడ పెద్దమ్మనే నిన్ను బతికిచ్చింది."

నేను చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. పైట సర్దుకోలేదు.

"గీతా, సంతోషి మూడో రోజు నేను లోపలికి రాలే. మా ఇంట్ల పూజుండె. గేటు కాడనే నిలబడి, బిడ్డను చూసినట్టు, తూచినట్టు రాసిన. అప్పుడు చూసి ఉంటే దానికి ఐదు దినాలు లైటు కింద ఉండే కష్టం ఉండకపోవు. నువ్వు పదిమందిల నా పేరు చెప్తుంటే నాకు మంచిగనిపిస్తలేదు."

గీత బిడ్డ తల మీది టోపీని ముందుకు జరిపింది.

"నువ్వు రాలేదని నాకు ఎరుకనే అక్కా. లోపల మంచం మీదనే ఉన్న గద. నీ గొంతు ఇనవడంగనే, తూస్తవని, బిడ్డ బట్టలిప్పిన. నువ్వు రాకపోతే, చలివెడ్తదని మళ్ల తొడిగిన. మళ్లొస్త అన్నవని అమ్మ చెప్పింది. పొద్దుగూకెదాక చూసిన." బిడ్డ వీపు నిమిరింది. "రాసినవని మాత్రం ఎరుకలే."

బిడ్డ పాలు వదిలేసి నిండుగా ఊపిరి తీసుకుంది. గీత నా వైపు చూడకుండానే దాన్ని ఒళ్లోకి తీసుకుని, దుప్పటి తీసి, సాక్సులు, చొక్కా, ఒక్కొక్కటిగా విప్పసాగింది.

నేను కాటా తీసి కొక్కేనికి తూకం గుడ్డ తగిలించాను. ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో చూసుకున్నాను. గీత బిడ్డను అందులో పడుకోబెట్టింది. లేచి నిలబడి కాటాను కంటికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. ముల్లు ఊగి ఊగి నిలిచింది. రెండు కిలోల ఇరవై గ్రాములు. గీతకు వినబడేలా చదివాను. సంతోషిని పిలిచి దానితో కూడా చదివించాను. తర్వాత నేల మీద కూర్చుని, పుస్తకంలో మూడో రోజు అని ఉన్న గడిలో, చూసి రాశాను.